జేబులు విప్పని కోటు

మా మామ వామన్‌రావు సముద్రం చూడలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆబిడ్స్‌లో కూర్చుని జనాన్ని ఓడ ఎక్కించాడు గానీ, తను మాత్రం బొంబాయి రైల్లో వాడి అనే జంక్షన్ దాటి అవతల అడుగు పెట్టలేదు. సముద్రం దాటితే కులం పోతుందని మా అమ్మమ్మ ఆయన చేత ఒట్టు వేయించుకుంది. బొంబాయి దాకా పోతే ఓడ కనబడుతుంది, కనబడితే ఎక్కాలనిపిస్తుంది, అందుకని ముందుజాగ్రత్తగా వాడి జంక్షన్ దగ్గరే గీత గీసింది. ఆవిడ లెక్క ఆవిడది. ఆవిడ పోయాక కూడా ఆయన ఆ గీత దాటలేదు. దాన్ని బట్టి ఆయన మంచి కొడుకని అనుకునేరు. కాదు, భయస్థుడు. మనిషి మంచివాడే, భయస్థుడు. ఈ రెండూ ఒకరిలో ఉంటే పక్కవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

నా చిన్నప్పుడే మా అమ్మ పోతే మామా, నర్మదత్తా నన్ను పెంచారు. నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇల్లు. మామ ఆఫీసు ఆబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీకి తిరిగే చోట ఒక మేడ మీద ఉండేది. ఓడ టిక్కెట్లు ఇప్పించే ఏజెన్సీ. నవాబుల కొడుకులు, డాక్టర్లు, మిషన్ వాళ్లు విలాయతికి పోవాలంటే ఆ మెట్లు ఎక్కాల్సిందే. ఎక్కినవాళ్లకు మామ ముందు సముద్రం చూపించేవాడు, తర్వాతే టిక్కెట్టు రాసేవాడు.

ఆయన సముద్రం ఎట్లా తయారైందంటే, విలాయతి నుంచి తిరిగొచ్చినవాళ్లు ఆఫీసుకు వచ్చి కబుర్లు చెప్పేవారు. ఆ కబుర్లన్నీ ఏరి, అతికించి, తనకంటూ ఒక సముద్రం చేసుకున్నాడు. అందులోనూ ఆయనకు ఓడ పైనుండే డెక్ అంటే పిచ్చి. పైకప్పు లేకుండా బయటికే ఉండే చెక్క వాకిలి, చుట్టూ రైలింగు, వరసగా పడక కుర్చీలు. మా ఇంటి గోడ మీద దేవుడి పటాల పక్కన ఒక ఓడ నక్షా వేలాడేది. అన్నం తింటూ కూడా ఆ నక్షా మీద వేలు పెట్టి, "గీడ గాలి మంచిగుంటది. గీడ కుర్చీ ఏస్కోవాలె. ఏడు చుట్లు తిరిగితే ఒక మైలు" అనేవాడు. "ముందు అన్నం తినున్రి, మీ ఓడ యాడికి పోదు" అనేది అత్త.

అందరికీ ఆయన ఒకటే మాట చెప్పేవాడు. "ఎండకాలం పోకున్రి. ఎర్ర సముద్రంల పెనం మీద రొట్టె లెక్క కాలుతరు. డిసెంబర్‌ల పోన్రి. డెక్ మీదికెళ్లి కిందికి దిగబుద్ధి కాదు." చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా. విన్నవాళ్లు చాలామంది డిసెంబర్‌లోనే పోయారు, సంతోషంగానే తిరిగొచ్చారు. ఆ సముద్రంలో చలి కూడా ఉంటుందని వాళ్లెవరూ మామకు చెప్పలేదు. కోట్లు ఉన్నవాళ్లకు చలి గుర్తుండదు.

రత్నమణి వచ్చింది పందొమ్మిది వందల ముప్ఫై ఆరు నవంబర్ ఆఖర్లో. మెదక్ వైపు మిషన్ దవాఖానలో పదేళ్లుగా నర్సు. కాన్పుల చదువు కోసం మిషన్ వాళ్లు ఆమెను లండన్ పంపిస్తున్నారు. ఇరవై తొమ్మిదేళ్లు, బక్కపలచటి మనిషి, తెల్లచీర. వెంట అక్క ఎమిలీ. ఎమిలీ నాంపల్లిలో ఆడపిల్లల మిషన్ బడిలో టీచరమ్మ. చెల్లెలికన్నా ఇరవై ఏళ్లు పెద్దది. తల్లి పోయాక చెల్లెల్ని ఆమే పెంచింది. ఒక చిన్న సూట్‌కేసు, ఒక రేకు పెట్టె తెచ్చారు. ఎమిలీ చేతి మీద ముదురు నీలం ఉన్ని కోటు.

ఆ కోటు ఎమిలీ ఆబిడ్స్‌లో కుట్టించింది. దాని జేబులు రెండూ తెల్లదారంతో మూసి కుట్టి ఉన్నాయి. కొత్త కోటు జేబులు సాగకుండా దర్జీలు అట్లా కుట్టి ఇస్తారు, మొదటిసారి వేసుకునే మనిషి ఆ దారం తెంపుకోవాలి. దారిలో రత్నమణి తెంపబోతే, "వేసుకునేనాడు తెంపుకో" అని అక్క చెయ్యి పట్టుకుందట.

ఓడ సామానుకు రెండు రకాల చీటీలు. ఒకటి, పడుకునే గదిలోకి పోయే సామానుకు. రెండోదాని మీద 'ప్రయాణంలో అక్కరలేదు' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది అంటిస్తే పెట్టె ఓడ అడుగున కొట్టులోకి పోతుంది, లండన్ రేవులో తప్ప బయటికి రాదు. మామ జిగురు రాస్తూ ఎమిలీ చేతి మీది కోటు చూశాడు.

"అదేందమ్మా చేతిమీద? పెట్టెల పెట్టున్రి."

"చలికాలం గద రావుగారూ. దగ్గర ఉంచుకుంటది."

"చలి మన దగ్గర అమ్మా. సముద్రం మీద ఎండ ఉంటది. కోటు లండన్‌ల దిగినంక. అయినా కోటు మోస్కుంట తిరిగితే డెక్ మీద రైలింగు ఎట్ల పట్టుకుంటది? రెండు చేతులు ఖాళీగ ఉండాలె."

రత్నమణి నవ్వింది. ఎమిలీ ఆ నవ్వు చూసింది. తర్వాత కోటును తనే మడిచి పెట్టెలో పెట్టి మూత వేసింది. మామ దాని మీద రెండో చీటీ అంటించి, మూలలు లేవకుండా బొటనవేలితో గట్టిగా ఒత్తాడు. ఆ ఒత్తడం ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "ఒత్తిన బిడ్డా, నేనే ఒత్తిన" అనేవాడు.

తర్వాత రత్నమణిని కుర్చీలో కూర్చోబెట్టి గంటసేపు సముద్రం చూపించాడు. తల తిరిగితే గదిలో పడుకోకు, పైకి పో, ఆ గాలే మందు అని చెప్పాడు. ఆమె నర్సు కదా, శ్రద్ధగా విన్నది.

డిసెంబర్ ఇరవై నాలుగున ఆఫీసుకు తంతి వచ్చింది. నాలుగు ముక్కలు. పేరు, ఇరవై మూడో తారీకు, న్యుమోనియా, సముద్రంలోనే సమాధి చేశాం. ఓడ అప్పుడు బిస్కే అఖాతంలో ఉంది. లండన్ ఇంకా రెండు రోజుల దారి.

మామ ఆ కాగితం పట్టుకుని నడుచుకుంటూ నాంపల్లికి వచ్చాడు. ఎమిలీ ఇంటి ముందు క్రిస్మస్ కాగితం చుక్క కట్టి ఉంది. ఆమె కజ్జికాయలు చేస్తోంది, చేతుల నిండా పిండి. చదివి వినిపించాడు. ఆమె పిండి చేతులు అట్లాగే గాలిలో పెట్టుకుని నిలబడింది. అప్పుడు అడిగింది.

"కోటు తీయించుకున్నదా?"

మామకు ముందు అర్థం కాలేదు.

"పెట్టెల నుంచి కోటు తీయించుకున్నదా రావుగారూ? అడిగితే తీసిస్తరా?"

"ఔ అమ్మా," అన్నాడు మామ. "అడిగితే తీసిస్తరు. కోటు వేసుకునే ఉన్నదట."

"అయితే వెచ్చగనే పోయింది."

"ఔ."

ఆ 'ఔ' అన్న ఒక్క ముక్క పదేళ్లు ఆయన్ని తిన్నది. తంతిలో కోటు మాటే లేదు. కొట్టులో సామాను తీయరని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ ఆమె చేతుల పిండి చూసి అట్లా అనేశానన్నాడు. నిజమే కావచ్చు. తన బొటనవేలు గుర్తొచ్చి అన్నాడని నా నమ్మకం.

అక్కడితో అయిపోతే బాగుండేది. జనవరి మొదట్లో ఆఫీసుకు రత్నమణి ఉత్తరం వచ్చింది. చచ్చిపోయిన మనిషి ఉత్తరం, మామ పేరు మీద. ఫ్రాన్సులో మార్సేల్స్ రేవులో డిసెంబర్ పందొమ్మిదిన వేసింది. తంతి గాలిలో వస్తుంది, ఉత్తరం నీళ్ల మీద వస్తుంది, అంతే సంగతి. మామకు మాత్రం ఆమె తంతి తర్వాత రాసినట్టే అనిపించింది. ఆ ఉత్తరం నేను చాలాసార్లు చదివాను. అందులో కొంత ఇది:

"వామన్‌రావు గారికి నమస్కారములు. మీరు చెప్పినవన్నీ నిజమే. మా డెక్ ఓడ వెనక వైపు ఉంది. అక్కడ నిలబడితే మేము వచ్చిన దారి నీళ్లలో తెల్లగా చాలా దూరం కనబడి తర్వాత చెరిగిపోతుంది. అది మీకు ఎవరూ చెప్పినట్టు లేదు, అందుకే రాస్తున్నాను. గదిలో మిగతా ముగ్గురికీ వాంతులు. నాకు అక్కడ ఊపిరి ఆడదు. మీరు చెప్పినట్టు పైకి వచ్చేస్తాను. పొద్దున్నే ఖలాసీలు డెక్ కడుగుతారు, ఆ తడి చెక్కల మీద వట్టి కాళ్లతో ఏడు చుట్లు తిరుగుతాను. పెదవులు ఉప్పగా అవుతాయి. పదకొండు గంటలకు వేడి సూపు చేతికే తెచ్చి ఇస్తారు. నేను ఎవరికీ ఏమీ చేసి పెట్టనక్కర లేదు. కుర్చీకి నా పేరు రాసిన అట్టముక్క కట్టారు. దవాఖానలో పదేళ్లు నిలబడి పని చేశాను రావుగారూ, నా పేరున్న కుర్చీ నాకు ఇదే మొదలు. పోర్ట్ సయిద్ దాటినప్పటి నుంచి గాలి మారింది. అందరూ కోట్లు వేసుకుని నడుస్తున్నారు. నాది కింద ఉంది, లండన్ దాకా తీయరట. శాలువా ఉంది, ఫికర్ లేదు. చేతులే కొంకర్లు పోతున్నాయి, చంకల్లో పెట్టుకుంటున్నాను. కొంచెం దగ్గు. అయినా లోపలికి పోబుద్ధి కాదు. మీరు ఒక్కసారి చూడాలి."

దూషించినా ఇంత బాధ ఉండకపోయేది అనేవాడు మామ. ఆమె సంతోషంగా ఉంది. అదే ఆయన్ని పట్టుకుంది.

ఏప్రిల్‌లో సామాను తిరిగొచ్చింది. ఏజెన్సీ పేరు మీద బొంబాయి నుంచి నాంపల్లి స్టేషన్‌కు, సూట్‌కేసు, రేకు పెట్టె. పెట్టె మీద మామ అంటించిన చీటీ మూల కూడా లేవలేదు. తాళంచెవి సూట్‌కేసులోనే ఉంది. మామ పార్సిల్ ఆఫీసులోనే పెట్టె తెరిచాడు. కోటు ఎమిలీ మడిచినట్టే ఉంది. జేబుల తెల్లదారం అట్లాగే ఉంది.

ఈ పెట్టె ఎమిలీకి ఇస్తే తను ఆడిన అబద్ధం బయటపడుతుంది. ఇవ్వకపోతే దొంగతనం. మా మామ దొంగతనం వైపు మొగ్గాడు. ఎమిలీ వస్తే సూట్‌కేసు చేతికిచ్చాడు.

"పెట్టె?" అని అడిగింది.

"లండన్‌ల యాడనో తప్పిపోయిందమ్మా. వెతుకుతున్నరు."

తప్పిపోయిందని ఆపినా పోయేది. వెతుకుతున్నరు అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె ప్రతి డిసెంబర్‌లో ఒకసారి ఆఫీసు మెట్లెక్కేది. కుర్చీ ఇచ్చినా కూర్చునేది కాదు. "సామాను ఏమన్న దొరికిందా రావుగారూ?" అని అడిగేది. "లేదమ్మా" అనేవాడు. "సరే" అని దిగిపోయేది. అంతే. ఏడాదికి మూడు మాటలు. ఆ మూడు మాటల కోసం మామ నవంబర్ నుంచే అన్నం తినడం మానేసేవాడు.

పెట్టె మా ఇంట్లో, ఆయన మంచం కింద చేరింది. కంపెనీ సామాను, ముట్టొద్దు అన్నాడు. అప్పటి నుంచి మా ఇంటికి డాంబర్ గోళీల వాసన పట్టుకుంది. ఉన్నికి పురుగు పడకుండా ఆయన ఏటా కొత్త గోళీలు వేసేవాడు. "పండుగనాడు గూడ పులిహోరల డాంబర్ గోలీల వాసన. ఏం పాపం చేసిననో" అని అత్త తిట్టేది. పాపం ఎవరు చేశారో పాపం ఆవిడకు తెలీదు.

ఆయన మారిపోయాడు. గోడ మీది నక్షా తీసేశాడు. ఆఫీసులో ఎవరైనా డెక్ సంగతి అడిగితే, "నాకు తెల్వదు, నేను చూడలే" అనేవాడు. ఉన్ని బట్ట ఒంటి మీద వేసుకోవడం మానేశాడు. డిసెంబర్‌లో కూడా చన్నీళ్లు, పలచటి చొక్కా. "ఏందయ్యా మొండితనం" అని అత్త శాలువా కప్పితే తీసి దండెం మీద వేసేవాడు. ఆఫీసు డాబా మాత్రం వదల్లేదు. చలికాలం పొద్దున్నే ఎవరూ రాకముందే తాళం తీసి డాబా ఎక్కి, పిట్టగోడ వెంట ఏడు చుట్లు తిరిగేవాడు. అది ఆయనకు పాత అలవాటు, దాన్ని తన డెక్ అనేవాడు.

నాకు సంగతి తెలిసింది నలభై ఒకటిలో. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు, కోఠీలో కాలేజీకి పోతున్నాను. అత్త గౌలిగూడలో చుట్టాలింటికి పోయిన మధ్యాహ్నం తొందరగా ఇంటికి వచ్చాను. మా పెరటి దండెం మీద ఆడవాళ్ల నీలం కోటు ఎండకు వేసి ఉంది. దాని ఎదురుగా మామ అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను అనరాని మాటే అనుకున్నాను. ముఖం మీదే అడిగాను కూడా.

"ఎవరిది మామా గా కోటు?"

ఆయన ఏడ్చాడు. ఉత్తరం తెచ్చి నా చేతికిచ్చాడు. నేను చదవడం అయ్యాక అన్నీ చెప్పాడు. ఆఖర్న, "గామె డాబా మీదికి వస్తది బిడ్డా" అన్నాడు.

"ఎవరు?"

"రత్నమణమ్మ."

మొదటిసారి ముప్ఫై ఏడు డిసెంబర్‌లో చూశాడట. ఆయన మెట్లెక్కి పైకి వచ్చేసరికి డాబా అంతా తడిగా ఉంది, కడిగినట్టు. వాన లేదు, మంచు అంత పడదు. అటు మూల పిట్టగోడ దగ్గర తెల్లచీర మనిషి, వీపు ఇటు. చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడింది. ఆయన పిలవలేదు, దగ్గరికి పోలేదు. తన ఏడు చుట్లు తను తిరిగి దిగొచ్చాడు. అప్పటి నుంచి చలి పెట్టిన ప్రతి పొద్దునా ఉంటుంది.

"భయం గాలేదా?"

"భయం ఏంది? ఆమె నన్నేమంటది? చలికి వణుకుతది, గంతే. ఎంత సేపైనా ఇటు తిరగదు."

నాకు ఒళ్లు జలదరించింది, ఆ తర్వాత ఒళ్లు మండింది. నాకు రెండోదే ఎక్కువ. దయ్యం ఉందో లేదో నాకు తెలియదు, పెట్టె ఉంది. ఇప్పుడే పోయి ఆ టీచరమ్మకు ఇచ్చి రా, నేనూ వస్తాను అన్నాను.

"ఇచ్చి ఏం చెప్పాలె? నీ చెల్లె కోటు లేక చలికి సచ్చిపోయిందమ్మా అని చెప్పాల్నా? వెచ్చగ పోయిందని ఆమె నిమ్మళంగ ఉన్నది. గా నిమ్మళం గుంజుకోవాల్నా?"

ఆ మాటకు నేను లొంగిపోయాను. లొంగకుండా ఉండాల్సింది. ఉత్తరాలు మార్సేల్స్‌లో ఈయన ఒక్కడికే రాసిందా, పెంచిన అక్కకు రాయలేదా, అని నేనైనా అడగాల్సింది. ఇద్దరికీ తట్టలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడికి ఎదుటి మనిషి కళ్లలోకి చూసే తీరిక ఉండదు. నేనూ నోరు మూసుకున్నాను. ఆ రోజు నుంచి ఆ పెట్టె నాది కూడా అయింది.

యుద్ధంలో ఓడలు ఆగిపోయాయి. ఆఫీసులో పని లేదు, మామ ఉత్త కుర్చీలో కూర్చుని వచ్చేవాడు. ఎమిలీ మాత్రం ఏ డిసెంబరూ తప్పలేదు. నలభై ఆరులో కూడా వచ్చింది. అప్పటికి జుట్టు పూర్తిగా తెల్లబడింది. బడిలో పని మానేసింది.

"సామాను ఏమన్న దొరికిందా రావుగారూ?"

"లేదమ్మా."

ఈసారి 'సరే' అనలేదు. "వచ్చే ఏడు రాను. ఇల్లు ఖాళీ చేస్తున్న. ఎల్లుండి మెదక్ పోతున్న, ఇంక గాడనే ఉంటా" అంది. మామ ముఖం కేసి కొంచెంసేపు చూసి మెట్లు దిగింది.

ఆ సాయంత్రం మామ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండానే మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగాడు. "రేపు పొద్దున నాతోని రా బిడ్డా. ఒక్కణ్ని పోతే తొవ్వలకెళ్లి తిరిగొస్త" అన్నాడు. ఆయన తన గురించి చెప్పిన మాటల్లో అంత నిజమైనది నేను ఇంకోటి వినలేదు.

తెల్లారి రిక్షాలో పెట్టె పెట్టుకుని పోయాం. ఎమిలీ ఇల్లు సగం ఖాళీ. ఆమె పుస్తకాలు తాడుతో కడుతోంది. రిక్షావాడు పెట్టె దించి పోయాడు. ఎమిలీ పెట్టెను చూసింది, దాని మీది చీటీని చూసింది. మళ్లీ తాడు ముడి వేయసాగింది. మామ వాకిట్లోనే నిలబడ్డాడు.

"అమ్మా, కోటు తీయించుకోలేదు. నేను అబద్ధం చెప్పిన. పెట్టె గూడ తప్పిపోలే. పదేండ్ల సంది నా దగ్గరనే ఉన్నది."

"తెల్సు," అంది ఎమిలీ.

బైబిల్ తెరిచి అందులోంచి ఒక ఉత్తరం తీసింది. దాని మీది ముద్ర నాకు తెలుసు. మార్సేల్స్, డిసెంబర్ పందొమ్మిది. 

"మీరు చెప్పిపోయిన రెండు వారాలకే వచ్చింది. కోటు కింద ఉన్నది, చేతులు చల్లగ అయితున్నయని రాసింది."

"మరి నన్ను ఎందుకు అడగలే అమ్మా? ఏటేటా వచ్చి…"

"నలభై ఏండ్లు బళ్లె చెప్పిన రావుగారూ. పిల్ల తప్పు చేస్తే నేను పేరు పెట్టి లేపను. తనంతట తను లేచి నిలబడాలె. అప్పటి దాక అడిగిందే అడుగుత. మీరు నిలబడనీకె పదేండ్లు పట్టింది."

నేను ఆ తర్వాత టీచర్నే అయ్యాను. ఆ పద్ధతి నేను ఎన్నడూ పెట్టుకోలేదు. ఆ క్షణాన ఆమె మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పిల్లలకు చేసినట్టు పెద్దమనిషికి చేస్తారా, రోజూ డాబా మీద ఈయన ఏం చూస్తున్నాడో మీకు తెలుసా అని నోటిదాకా వచ్చింది. అంతలో ఆమె పెట్టె ముందు కూర్చుని మూత తీసింది. కోటు మీద రెండు చేతులు పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"మీరు ఒక్కరే కాదు," అంది. "మీరు పెట్టమన్నరు, మడిచి పెట్టింది నేను. నా చేతిమీదనే ఉండె గద. ఎందుకు విన్ననో మీ మాట. సముద్రం చూడని మనిషి మాట." తర్వాత మెల్లగా అంది. "నారాయణగూడ సమాధుల తోటల మా అమ్మ పక్కన దానికి జాగా తీసి పెట్టిన. ముప్ఫై ఏడుల నుంచి ఖాళీగ ఉన్నది. మనిషి లేదు, ఏం పెట్టాలె? సూట్‌కేసుల అన్నీ అది కట్టి విడిచిన చీరలు. కోటు వస్తది, అది పెడదామని చూసిన. పదేండ్లు."

మామ వాకిట్లో కూలబడ్డాడు. పదేళ్లూ ఆయన దాచింది తన అబద్ధాన్ని అనుకున్నాడు. నిజానికి ఒక మనిషి సమాధిని మంచం కింద పెట్టుకుని దాని మీద నిద్రపోయాడు.

ఆమె మెదక్ ప్రయాణం రెండు రోజులు వాయిదా వేసుకుంది. ఒక పాస్టరుగారు, తవ్వేవాడు, మేము ముగ్గురం. పొద్దున్నే, మంచు ఇంకా విడలేదు. రేకు పెట్టెలో కాకుండా చిన్న చెక్కపెట్టె చేయించింది. మామ కోటు తెచ్చిన ఆ రేకు పెట్టెకు అంటిన చీటీని గోటితో గీకబోతే, "అది ఉండనియ్యున్రి, దాన్ని పూడుస్తలేను" అంది.

కోటు పెట్టెలో పరిచింది. పరిచి, మళ్లీ చేతిలోకి తీసుకుంది. పాస్టరుగారు ప్రార్థన పుస్తకం తెరిచి ఎదురు చూస్తున్నారు. ఎమిలీ కోటు జేబు పళ్ల దగ్గరికి తెచ్చుకుని తెల్లదారం కొరికింది. ఒక్కొక్క కుట్టే గోటితో లాగి జేబు విప్పింది. తర్వాత రెండోది. రెండు జేబుల్లోనూ చెయ్యి పెట్టి లోపల సాపు చేసింది.

"చేతులు చల్లగున్నయని రాసింది," అంది మాతో.

అప్పుడు ఏడ్చింది.

మామ తన దగ్గరున్న ఉత్తరం తీసి, అది కూడా జేబులో పెట్టమని చాపాడు. ఆమె తీసుకోలేదు. "అది మీకు రాసింది. మీ దగ్గరనే ఉండాలె" అంది. క్షమించానని గానీ క్షమించలేదని గానీ అనలేదు. రెండో రోజు మెదక్ పోయింది. మళ్లీ నేను ఆమెను చూడలేదు.

ఇంట్లో డాంబర్ గోళీల వాసన పోవడానికి ఎండాకాలం దాకా పట్టింది. అత్త సంతోషించింది. మామ అన్నం సరిగ్గా తినసాగాడు. చన్నీళ్ల స్నానం మానలేదు. నలభై ఏడు డిసెంబర్‌లో ఒక పొద్దున నేను ఉండబట్టలేక ఆయన వెంట ఆఫీసు డాబా ఎక్కాను. డాబా పొడిగా ఉంది. పిట్టగోడ అవతల ఆబిడ్స్ ఇంకా లేవలేదు, రెండు జట్కాలు మాత్రం స్టేషన్ వైపు పోతున్నాయి. నాకు ఎవరూ కనబడలేదు. మామ తన చుట్లు తిరిగాడు, ఏడోసారి నా దగ్గర ఆగాడు.

"ఉన్నదా మామా?"

"ఔ."

"ఇప్పుడు గూడ చలికి వణుకుతున్నదా?"

"లేదు బిడ్డా. కోటు వేసుకున్నది. చేతులు జేబులల్ల పెట్టుకున్నది." ఆయన ఆ మూలకేసే చూస్తున్నాడు, పలచటి చొక్కాలో భుజాలు వణుకుతున్నాయి. "ఇటు మాత్రం తిరగదు."